గుర్తులు చెప్పండి

పెద్ద బస్టాండులో పోయిన సామాను కౌంటరు గుమాస్తా అసలు పేరు ఆయన వీధిలో ఎవరికీ తెలియదు. గొడుగు పోయిందని వచ్చినా, పెట్టె పోయిందని వచ్చినా, గుండెలు బాదుకుంటూ వచ్చినా ఆయన నోట్లోంచి ఊడిపడే మొదటి మాట ఒక్కటే: "గుర్తులు చెప్పండి." అందుకని అందరూ ఆయన్ని గుర్తుల బాబాయి అనేవారు. భార్య బట్టలు కుడుతుంది కాబట్టి ఆవిడ కుట్టు పిన్ని. ఇంట్లో బాబాయి "నా కళ్ళజోడెక్కడ పెట్టావే?" అని అరిస్తే, "గుర్తులు చెప్పండి" అని పిన్ని మిషను దగ్గర్నుంచే జవాబిచ్చేది. కళ్ళజోడు ఆయన నెత్తిమీదే ఉండేదనుకోండి, అది వేరే సంగతి.

పెళ్ళైన కొత్తలో సముద్రం చూపిస్తానని మాటిచ్చాడు బాబాయి. పిల్లలు పుట్టారు, పెరిగారు, వాళ్ళ దారిన వాళ్ళు వెళ్ళారు. సముద్రం మాట ఎత్తినప్పుడల్లా "అదెక్కడికీ పోదులేవే" అనేవాడు. "అది పోదు, ముందు నేను పోతాను" అని పిన్ని ఒకనాడు గట్టిగా అనేసరికి బెదిరిపోయి సెలవు పెట్టాడు. తెల్లారుజాము బస్సులో రెండు సీట్లు దొరికాయి.

ఎక్కడంతోనే పిన్ని కాలి బొటనవేలు ముందు సీటు పక్కనున్న గోనెసంచికి ఠక్కున కొట్టుకుంది.

"అబ్బా! రాళ్ళేమైనా మోసుకెళ్తున్నారా అన్నయ్యా?"

"అయ్యో, దెబ్బ తగిలిందామ్మా?" అన్నాడు ఆ సీటులో ఉన్నాయన. అడిగింది పిన్నినే గానీ, చూపు మాత్రం సంచికేమైనా అయిందా అన్నట్టు దానిమీదే ఉంది.

పిన్ని పడిపోకుండా సంచి మీద చెయ్యి ఆనించింది. గుండ్రటి చక్రం తగిలింది, దాని పక్కన వంపు తిరిగిన మెడ తగిలింది. "ఓస్, కుట్టుమిషనా!" అంది.

ఆయన నోరు తెరిచాడు. "విప్పకుండానే ఎలా చెప్పారు?"

"మా ఆయన భుజం కన్నా దీని మెడే నా చేతికి బాగా తెలుసు" అంది పిన్ని. బాబాయి కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు.

ఆయన నవ్వాడు. "మా అమ్మది. పాతది" అని మాత్రం అని ముందుకు తిరిగిపోయాడు. ఆ తర్వాత దారి పొడుగునా ఒళ్ళో ఉన్న ఫోను తీసి చూడటం, మళ్ళీ ఒళ్ళో పెట్టుకోవడం. కళ్ళలో వత్తులు వేసుకుని ఎవరి ఫోను కోసమో చూస్తున్నాడని పిన్నికి అప్పుడే అర్థమైంది. అడుగుదామనుకుంది గానీ, బాబాయి మోచేత్తో పొడిచాడు.

రేవు ఊళ్ళో బస్సు ఆగగానే అందరికన్నా ముందు ఆయనే దిగాడు, సంచిని పసిబిడ్డలా రెండు చేతులా పొదివి పట్టుకుని. పిన్ని వాళ్ళు మాత్రం అందరికన్నా ఆఖరు, ఎందుకంటే పిన్ని చెప్పు ఒకటి సీట్ల కిందికి జారిపోయింది. దానికోసం వంగితే చెప్పుతోపాటు ముందు సీటు సందులో ఒక నల్ల ఫోను కనిపించింది.

"ఏవండీ! సంచీ ఆయనది! అదిగో, ఇంకా గేటు దాటలేదు, కేకెయ్యండి!"

"ఆగు" అన్నాడు బాబాయి. "ఆయనదేనని ఎలా చెప్తావ్?"

"పొద్దుట్నుంచీ ఆయన ఒళ్ళోనే చూశాను కదండీ!"

"ఒళ్ళో ఫోను లేనివాడెవడు? నల్లది అంటావా, లోకంలో సగం ఫోన్లు నల్లవే. పద్ధతంటూ ఒకటుంటుంది."

పద్ధతట! బాబాయి చొక్కా జేబులోంచి ఒక అట్టముక్క, కొంచెం పురికొస బయటికొచ్చాయి. సెలవులో కూడా అవి లేకుండా కదలడు మహానుభావుడు. ముందు ఫోను పక్క బొత్తాం నొక్కి పట్టుకుని స్విచాఫ్ చేశాడు. కౌంటరులో ఏ ఫోను వచ్చినా మొట్టమొదట జరిగేది అదే. లేకపోతే అలమారంతా వానాకాలపు కప్పల చెరువులా మోగుతూ ఉంటుందని, మనిషికి పిచ్చెక్కుతుందని ఆయన అనుభవం. ఆ తర్వాత అట్టముక్క మీద బస్సు, సీటు వివరాలు రాసి, పురికొసతో ఫోనుకి కట్టి, చేతిరుమాల్లో చుట్టి తమ చేతిసంచిలో వేశాడు. ఈ తతంగం అయ్యేసరికి గేటు దగ్గర సంచీ ఆయన లేడు సరికదా, కనీసం ఆయన నీడ కూడా లేదు.

"నాకివ్వండి, డిపోలో అప్పగిస్తాను" అన్నాడు కండక్టరు.

"నీ చేతికిస్తే నా బోటివాడి బల్ల మీదికి అదెప్పుడొస్తుందో నాకు తెలీదా నాయనా" అని బాబాయి నేరుగా ఆ బస్టాండులోని పోయిన సామాను కౌంటరుకే దారితీశాడు.

కౌంటరు తలుపు మూసి ఉంది. పక్కన పత్రికలు అమ్మే ఆవిడ "ఆయన టీకి వెళ్ళాడు" అంది.

"ఎప్పుడొస్తాడమ్మా?"

"తాగాక."

బాబాయి బెంచీ మీద కూలబడ్డాడు. జీవితంలో మొదటిసారి కౌంటరుకి ఇవతలి పక్క కూర్చున్నాడు. కాసేపు గోడ గడియారం వంక చూశాడు, మూసిన తలుపు వంక చూశాడు. "ఇదేం పద్ధతే? జనం పనులు మానుకుని పడిగాపులు పడుతుంటే వీడు తీరిగ్గా టీ తాగుతాడా?"

"మరి మీరు టీకి వెళ్తే ఎంతసేపటికి వస్తారు?" అంది పిన్ని.

బాబాయి పైకప్పు వంక చూశాడు.

పిన్నికి కాలు నిలవడం లేదు. ఆ మనిషి ఎదురుచూసిన తీరు కళ్ళముందు మెదులుతోంది. "ఏవండీ, మీ ఫోనే పోయిందనుకోండి. ముందు ఏం చేస్తారు?"

"కౌంటరుకి వెళ్తాను."

"మీ సంగతి సరే. మామూలు మనిషి ఏం చేస్తాడు? పక్కవాళ్ళని బతిమాలి, వాళ్ళ ఫోన్లోంచి తన నంబరుకే కొట్టి చూస్తాడు, దొరికినవాళ్ళెవరైనా ఎత్తకపోతారా అని. మీరేమో దాని నోరు నొక్కేసి సంచిలో పడుకోబెట్టారు!"

బాబాయి కౌంటరుకి ఫోన్లు చేరేసరికే చాలావాటికి ఛార్జింగు అయిపోయి ఉంటుంది. అవి మోగితే ఎత్తాలన్న ఆలోచనే ఆయనకెప్పుడూ రాలేదు. పిన్ని సంచి లాక్కుని రుమాలు విప్పి ఫోను ఆన్ చేసింది. తెర వెలిగి రహస్య అంకెలు అడిగింది. అవెవరికి తెలుసు? ఇక చేసేదేముంది అనుకునేలోపే అది మోగనే మోగింది. పేరేమీ పడలేదు, ఉత్త నంబరు.

"హలో" అనే లోపలే అవతల ఒక ఆడగొంతు విరుచుకుపడింది.

"ఆన్ చేశావా మహారాజా! పొద్దున లాంచీ దిగిన దగ్గర్నుంచీ కొడుతున్నాను, స్విచాఫ్, స్విచాఫ్! రావడం ఇష్టం లేకపోతే రానని చెప్పి చావొచ్చుగా! ఇన్నేళ్ళ తర్వాత నేనే ముందు పలకరించాను చూడు, నా చెప్పుతో నేను కొట్టుకోవాలి!"

"అమ్మా, ఒక్క మాట..."

"ఎవరు నువ్వు? మా తమ్ముడేడీ?"

"ఆయన ఫోను బస్సులో మర్చిపోయారమ్మా. మాకు దొరికింది."

"దొరికితే ఎత్తుతారు గానీ స్విచాఫ్ చేస్తారా ఎవరైనా? ఎవరి చెవిలో పువ్వులు పెడతావ్? వాడే నేర్పి మాట్లాడిస్తున్నాడు కదూ? చిన్నప్పుడూ అంతే. తప్పు చేసేది వాడు, నన్ను మంచి చేసుకోడానికి పక్కింటి పిల్లని పంపేవాడు."

"గుర్తులడుగు, ఫోనుకి గుర్తులేంటో అడుగు!" అని పక్కనుంచి బాబాయి.

"అదిగో మగగొంతు! వాడేగా?"

"మా ఆయనమ్మా, ఒట్టు!"

"చాల్లే. అమ్మ మిషను నాకు మాటైనా చెప్పకుండా అమ్మేసిన రోజే తెలిసింది వాడి దగ్గర అక్కకెంత విలువో. ఈ పాత రేవులో ఎండకి మాడింది చాలు. మధ్యాహ్నం లాంచీకి పోతున్నాను. ఈ నంబరు తీసేస్తాను. ఇక ఈ జన్మకి నేను పలకరించను, వాడు పలకరించినా పలకను. చెప్పు వాడికి!"

ఫోను పెట్టేసింది. పిన్ని వెంటనే తన ఫోనులోంచి ఆ నంబరుకి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది, అంతే. కోపంలో ఉన్న అక్క ముక్కూ మొహం తెలియని నంబరు ఎత్తుతుందా?

పిన్ని బెంచీ మీద కూర్చుండిపోయింది. "ఏవండీ, ఆ సంచిలో ఆయన మోసుకొచ్చింది ఏంటో తెలిసిందా? ఆ మిషనే! అక్కకివ్వడానికే తెచ్చాడు. ఆవిడ వచ్చింది, ఆయన వచ్చాడు. మధ్యలో మీ పద్ధతి అడ్డొచ్చింది. తగలెయ్య మీ పద్ధతిని!"

బాబాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఇన్నాళ్ళూ జనం వస్తువులు జనానికి చేరుస్తున్నాననుకున్నానే" అన్నాడు. "ఒక్క బొత్తాం నొక్కి అక్కాతమ్ముళ్ళని విడదీశానా?"

ఆ గొంతు విని పిన్ని కోపం సగం చల్లారింది. మిగతా సగం తర్వాతకి దాచుకుంది. "ఏడవడానికి సాయంత్రం దాకా టైముంది. ముందు ఆయనెక్కడుంటాడో చెప్పండి. పోగొట్టుకున్నవాళ్ళ సంగతి మీకు తెలిసినంత ఎవరికి తెలుసు?"

బాబాయి కళ్ళు మూసుకున్నాడు. "పోగొట్టుకున్నవాడు ముందు నా దగ్గరికి రాడే. కూర్చున్న చోటికి పోతాడు. అక్కడంతా గాలించి, దొరక్కపోతే అప్పుడు నా దగ్గరికొచ్చి ఏడుస్తాడు."

"కూర్చున్న చోటంటే బస్సు! బస్సేదీ?"

కడగడానికి షెడ్డుకి పోయిందని పత్రికలావిడ చెప్పింది. పాత రేవుకి పోయే దారిలోనే ఉందట షెడ్డు. ఇద్దరూ ఆటో ఎక్కారు. ముందు రేవుకే పోదామని బాబాయి అంటే, "ఉత్త చేతులతో పోయి ఏం చెప్తారు? మనం నాటకాలవాళ్ళమని ఆవిడ ఇప్పటికే తేల్చేసింది" అని పిన్ని కసిరింది.

రేకుల షెడ్డు కింద బస్సులన్నీ వరసగా నిలబడి స్నానాలు చేస్తున్నాయి. ఎటు చూసినా సబ్బు నురగ, డీజిలు వాసన. వాళ్ళ బస్సులో ముందు సీటు కింద నుంచి రెండు కాళ్ళు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. పక్కనే గోనెసంచి.

"అన్నయ్యా!" అంది పిన్ని.

కాళ్ళు కదిలాయి, తల సీటుకి కొట్టుకుంది, తర్వాత మనిషి బయటికొచ్చాడు, నిలువెల్లా తడిసి, మోకాళ్ళకి గ్రీజుతో. బాబాయి చేతిలో పురికొస కట్టిన తన ఫోను చూశాడు. అంతే, ఒక్క దూకు దూకి బాబాయి కాలరు పట్టుకున్నాడు.

"దొరికావా దొంగా! బస్సు కడిగేవాళ్ళని బతిమాలి వాళ్ళ ఫోన్లోంచి చేస్తే స్విచాఫ్! దొంగ కాకపోతే ఎవడు స్విచాఫ్ చేస్తాడు?"

కాలరు బిగుసుకుని ఊపిరాడని ఆ స్థితిలో బాబాయి ఏమన్నాడనుకున్నారు? "గు... గుర్తులు చెప్పండి!"

"గుర్తులా? నీ వీపు మీద చెప్తా రా!"

పిన్ని మధ్యలో దూరింది. "వదలండన్నయ్యా, ఈయన దొంగ కాదు, చాదస్తం! తర్వాత మీ ఇష్టం వచ్చినట్టు తిట్టుకోండి. మీ అక్కయ్య పాత రేవులో ఉన్నారు. మీరు రారనుకుని లాంచీ ఎక్కేస్తున్నారు!"

ఆయన చెయ్యి దానంతటదే జారిపోయింది. "అక్క వచ్చిందా? నిజంగా వచ్చిందా?"

ఫోను అందుకుని, తెరిచి, అక్కకి కొట్టాడు. ఎత్తలేదు. ఆ నంబరు ఫోనులో తప్ప తనకి తెలియకపోబట్టే పొద్దుట్నుంచీ కాళ్ళూ చేతులూ ఆడలేదట. ఏ రేవులో దిగేదీ దిగాక చెప్తానందట అక్క. ఆటోలో ఇరుక్కుని పోతుంటే ఆయనే చెప్పుకొచ్చాడు. "బుద్ధిలేని వయసులో అమ్మేశానమ్మా, అక్కకి చెప్పకుండా. మళ్ళీ దాన్ని పట్టుకోడానికి ఇన్నేళ్ళు తిరిగాను. చేతులు మారి మారి ఒక పరుపుల కొట్టులో తేలింది. ఫోన్లో చెప్తే నమ్మదు. నా మాటంటే దానికి ఎప్పుడూ నమ్మకం లేదు. చూపిద్దామనుకున్నా."

మిషను సంచి బాబాయి ఒళ్ళో ఉంది. ఆయనే అడిగి పెట్టించుకున్నాడు. ప్రతి గతుకుకీ తొడలు నలిగిపోతున్నా కిక్కురుమనలేదు. అనుభవించనీ అన్నట్టు పిన్ని కూడా ఊరుకుంది.

పాత రేవు చేరేసరికి లాంచీ కూత వేస్తోంది. గట్టు నుంచి లాంచీకి వేసిన చెక్క పలక మీదుగా జనం ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. వరస చివర్లో నల్ల గొడుగు పట్టుకుని, అటు తిరిగి ఒకావిడ.

"అదే అక్క" అన్నాడు తమ్ముడు. అనడమే గానీ అడుగు పడలేదు. పిలుద్దామని నోరు తెరిచాడు, గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఆవిడ పలక మీద కాలు పెట్టింది.

అప్పుడు లేచింది బాబాయి గొంతు. బస్టాండు హారన్లన్నింటినీ ఇన్నేళ్ళు ఓడించిన గొంతు అది.

"నల్ల గొడుగు అక్కయ్యగారూ! మీ వస్తువొకటి మా దగ్గరుంది! వచ్చి గుర్తులు చెప్పి తీసుకెళ్ళండి!"

రేవంతా తలలు తిప్పింది. లాంచీ తాడు విప్పుతున్నవాడు కూడా ఆగిపోయాడు. ఆవిడ ముఖం చిట్లించుకుని వెనక్కొచ్చింది. "నా వస్తువేం పోలేదే?" అంటూనే పక్కనున్న తమ్ముణ్ణి చూసింది. చూసి, చటుక్కున ముఖం తిప్పేసుకుంది.

బాబాయి సంచిని సిమెంటు గట్టు మీద పెట్టాడు. "చూడటానికి వీల్లేదమ్మా. చెయ్యి లోపల పెట్టి గుర్తులు చెప్పాలి. మా పద్ధతి" అన్నాడు. పిన్ని మొదటిసారి ఆ మాటకి అడ్డు చెప్పలేదు.

ఆవిడ విసుగ్గా చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది. కాసేపటికి మెల్లగా కదిలింది, చక్రం చుట్టూ తిరిగింది, మెడ మీదుగా కిందికి దిగింది.

"చక్రం అంచు చిట్లి ఉంటుంది" అంది. ఇందాకటి గొంతు కాదు అది. "కింద పడేసింది వీడు. తన్నులు తిన్నది నేను."

"ఇంకా?" అన్నాడు బాబాయి.

"అడుగున మేకుతో గీసి ఉంటుంది, 'అక్కది' అని. ఎవరూ నా దగ్గర లాక్కోకూడదని వీడే గీశాడు, ఇంతున్నప్పుడు." ఆవిడ వేళ్ళు ఆ గీతల మీద ఆగాయి. "తర్వాత వీడే అమ్మాడు."

"ఆ గీతలు చూసే పట్టుకున్నానక్కా" అన్నాడు తమ్ముడు. "ఎన్ని కొట్లలో ఎన్ని మిషన్లు తిరగేసి చూశానో. అన్నీ ఒకేలా ఉండేవి. అడుగున ఆ మాట ఉన్నది ఇదొక్కటే."

ఆవిడ తమ్ముణ్ణి దగ్గరికి లాక్కుంది. తడి చొక్కా, గ్రీజు, ఏదీ చూసుకోలేదు. ఇద్దరూ నలుగురిలో నిలబడి చిన్నపిల్లల్లా ఏడ్చారు. పిన్ని అయితే వాళ్ళకన్నా గట్టిగా ఏడ్చింది. బాబాయి "గుర్తులు సరిపోయాయి, తీసుకెళ్ళండి" అన్నాడు గానీ, ఆ ముక్క ఆయనకే సరిగ్గా వినపడలేదు.

లాంచీ ఇక చాలనుకుని వెళ్ళిపోయింది.

కళ్ళు తుడుచుకోగానే అక్కకి అసలు కోపం గుర్తొచ్చింది. "మరి ఫోనెందుకు స్విచాఫ్ చేశావురా?"

"నేనమ్మా" అని బాబాయి చెయ్యెత్తాడు, బళ్ళో తప్పు ఒప్పుకున్న పిల్లాడిలా. ఆవిడ ఆయన్ని దులిపిన దులుపుడు రాయాలంటే ఇంకో కథవుతుంది. బాబాయి అంతా పడ్డాడు. పిన్నికి తన దగ్గర దాచుకున్న సగం కోపం వాడే అవసరమే లేకపోయింది. "ఇక మీదట నా కౌంటరులో ఏ ఫోను మోగినా ఎత్తుతానమ్మా. కప్పల చెరువైనా సరే" అన్నాడు చివరికి.

"నువ్వూ తక్కువ తిన్లేదు" అని అక్క తమ్ముడివైపు తిరిగింది. "ఫోను పోతే అక్క నంబరు తెలీదా? నోటికి రాదా? ఇప్పుడే ఇక్కడే చెప్పు." చెవి పట్టుకుంది. ఆయన ఎక్కాలు అప్పజెప్పినట్టు అంకెలు మొదలుపెట్టాడు. మధ్యలో తప్పాడు. చెవి మెలిపడింది. మళ్ళీ మొదట్నుంచి. రేవులో జనం నవ్వుతుంటే ఆయనా నవ్వుతూ, ఏడుస్తూ, అంకెలు చదువుతూనే ఉన్నాడు.

కాస్త దూరంగా గట్టు మీద కూర్చున్న బాబాయి పిన్ని చెవిలో అడిగాడు, "ఏమే, నా నంబరు నీకు నోటికొచ్చా?"

పిన్ని తడుముకోకుండా గడగడా చెప్పేసింది. "మరి నాది మీకొచ్చా?"

బాబాయి చటుక్కున అటు తిరిగి చెయ్యి చాపాడు. "అబ్బబ్బ, సముద్రం చూడవే, ఎంత పెద్దదో!"